మా పిన్ని నేర్పిన జ్ఞాపకాలు

మా పిన్ని ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చాలాకాలం నేను నీళ్లు నమిలేవాణ్ని. కుక్కపిల్లల్ని పెంచుతుంది అంటే "అమ్ముతుందా?" అని అడుగుతారు. అమ్మదు. కుక్కల ఆసుపత్రా అంటే అదీ కాదు. చచ్చిపోయిన కుక్క చర్మంలోంచి ఇంత ముక్క తీసి, దాంతో అచ్చం అలాంటి కుక్కనే మళ్లీ పుట్టించే కంపెనీలో ఆవిడ ఆయా. ఆ మాట చెబితే విన్నవాళ్లు నా మొహంలోకి అదోలా చూసి, "పొద్దున్నే ఏమైనా వేసుకున్నావా?" అనేవాళ్లు. అందుకని జంతువుల దగ్గర పని అని తేల్చేసేవాణ్ని.

నేను అదే కంపెనీలో వ్యాను నడుపుతాను. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. మా అమ్మకు స్వయానా చెల్లెలు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగితే "ఖాళీ దొరకలేదురా" అంటుంది. మా అమ్మ పోయాక నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. నాకు నలభై రెండేళ్లు వచ్చినా ఇప్పటికీ చెవి పట్టుకుని లాగుతుంది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు పక్కవాటుగా ఎక్కుతుంది కానీ నోరు మాత్రం అరగలేదు.

కంపెనీకి రాకముందు పిన్ని ఇరవై రెండేళ్లు ఒక క్రెష్‌లో ఆయాగా చేసింది. ఆఫీసులకు వెళ్లే తల్లులు పొద్దున వదిలేసి సాయంత్రం తీసుకెళ్లే పసిపిల్లలు. అక్కడి ఆయాల మధ్య ఒక కట్టుబాటు ఉండేది. ఏ పిల్లయినా మొదటి అడుగు క్రెష్‌లో వేస్తే ఆ సంగతి తల్లికి చెప్పకూడదు. "ఇవాళో రేపో నడిచేట్టుందమ్మా, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని మాత్రం చెప్పాలి. మర్నాడు ఆ తల్లి పరిగెత్తుకుంటూ వచ్చి, "ఆయమ్మా, మా పాప నడిచింది! మొదటి అడుగు నా వైపే వేసింది!" అంటే, పిన్ని బుగ్గలు నొక్కుకుని "నిజంగానా అమ్మా!" అనేది. అలా కొన్ని వందల మొదటి అడుగులు చూసి ఒక్కటీ చూడనట్టే ఉండిపోయింది. అది అబద్ధం కదా పిన్నీ అంటే, "దానివల్ల ఎవరికిరా నష్టం?" అని నా మీదికే వచ్చేది. క్రెష్ విషయంలో ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కుక్కల విషయంలో ఉంది, కాకపోతే ఆలస్యంగా దొరికింది.

మా కంపెనీ ఊరి చివర రెండంతస్తుల మేడ. పైన ల్యాబు, కింద కుక్కల గదులు. పైకి మాలాంటివాళ్లకు ప్రవేశం లేదు. అక్కడ ఏం జరుగుతుందో ల్యాబు డాక్టరు ఒకసారి క్యాంటీన్‌లో చెప్పాడు. ఒక ఆడకుక్క అండం తీసుకుని, అందులో ఉన్నది ఖాళీ చేసి, పోయిన కుక్క కణంలోని అసలు సరుకు అందులో పెట్టి, ఇంకో ఆడకుక్క కడుపులో వేస్తారట. రెండు నెలలకు పిల్ల పుడుతుంది. "పాత కుక్కకు కవల అనుకో. కాకపోతే పన్నెండేళ్లు లేటుగా పుట్టిన కవల" అన్నాడు. నాలాంటి మొద్దుకు కూడా అర్థమైంది. కానీ కవల అనే మాట మా కంపెనీ కాగితాల్లో ఎక్కడా కనబడదు. వాటి మీద ఉండేది "మీ నేస్తం మళ్లీ మీ గుమ్మంలోకి" అని.

నా పని, ఆర్డరు ఇచ్చిన ఇంటికి వెళ్లి పాత కుక్క సామాన్లు ఒక అట్టపెట్టెలో తేవడం. మెడపట్టీ, తిన్న గిన్నె, పడుకున్న దుప్పటి, కొరికిన బంతి. ఇంటివాళ్ల ఫోన్లలోని వీడియోలు కూడా ఎక్కించుకుని వచ్చేవాణ్ని. పిల్లకు ఆ ఇంటి వాసన అలవాటు కావడానికని మేనేజరు చెప్పేవాడు. మేం దాన్ని గుర్తుల పెట్టె అనేవాళ్లం.

నేను చేరిన మొదటి ఏడాది, రిటైరైన రైలు డ్రైవరు ఒకాయన తన కుక్క కోసం వచ్చాడు. కొత్త పిల్ల ఆయన్ని చూసి తోకయినా ఊపలేదు. సోఫా కిందికి దూరింది. ఆయన నేల మీద మోకాళ్లేసి, పాత పేరుతో పిలిచి పిలిచి, "ఇది అది కాదు బాబూ" అని నాతో చెప్పి, అయినా చంకన పెట్టుకుని వెళ్లాడు. ఆ రోజు పిన్నికి ముద్ద దిగలేదు. మర్నాటి నుంచే మొదలుపెట్టింది. పాత కుక్క పిలిస్తే ఏ చెవి నిక్కించేదో, కుర్చీకి ఏ పక్క కూర్చునేదో, షేక్‌హ్యాండుకి ఏ కాలు ఇచ్చేదో వీడియోల్లో చూడటం, అవే కొత్త పిల్లకు నేర్పడం. చేతిలో ఉడికించిన మాంసం ముక్కలు, నోట్లో ముద్దుమాటలు, అంతే ఆవిడ సరంజామా. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ "ఇది అది కాదు" అనలేదు.

మేనేజరుకు ఈ సంగతి తెలుసు. తెలిసినా "అలవాటు చేస్తున్నారా, చేయండి చేయండి" అనేవాడే తప్ప, నేర్పించండి అని ఏనాడూ అనలేదు. నేర్పించండి అంటే మోసం కిందికి వస్తుంది, అలవాటు చేయండి అంటే సేవ కిందికి వస్తుంది. ఈ తేడా తెలుసు కాబట్టే ఆయన మేనేజరయ్యాడు, నేను వ్యాను తోలుతున్నాను.

పోయినేడు వేసవిలో కళ్లద్దాల షాపువాళ్ల ఇంటికి నన్ను పంపారు. భార్యాభర్తలిద్దరూ కలిసి నడిపే షాపు. ఆవిడ కళ్లు పరీక్షించి నంబరు రాస్తుంది, ఆయన అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. షాపు పైనే ఇల్లు. ఒక్కతే కూతురు. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి వారం రోజుల్లో పోయింది. ఆ పిల్ల పెంచుకున్న కుక్క పేరు గుండీ. ముక్కు మీద గుండ్రంగా చొక్కా గుండీ అంత నల్లమచ్చ ఉండేదట. స్కూలు నుంచి రాగానే పిల్ల బూట్లు చెరోవైపు విసిరేస్తే, గుండీ వాటిలో ఎడమది మాత్రం వెతికి తెచ్చి తల్లి ఒళ్లో పెట్టేది. కుడిది ముట్టేది కాదు. ఎందుకో ఎవరికీ తెలీదు. పిల్ల పోయాక కూడా రోజూ సాయంత్రం అదే బూటు కరుచుకుని గుమ్మం దగ్గర కూర్చునేదట. ఏడాది తిరక్కుండా అదీ పోయింది.

ఆవిడ పెట్టెలో అన్నీ సర్ది, చివరికి ఆ బూట్లు రెండూ పెట్టి, "జాగ్రత్త బాబూ, ఇవి నాకు తిరిగి కావాలి" అంది. వ్యానులో నేను వాటి వైపు చూడకుండా నడిపాను.

ఆ ఆర్డరుకు రెండు పిల్లలు పుట్టాయి. అలా అప్పుడప్పుడూ జరుగుతుంది. రెండూ ఒకే అచ్చు. మచ్చ మాత్రం ఒకదానికి ముక్కు మీద, రెండోదానికి కాస్త పక్కకు జరిగి కంటి కింద వచ్చింది. ముక్కు మీద మచ్చ ఉన్నదాన్ని ఇంటివాళ్లకిస్తారు. రెండోది పుట్టిందని వాళ్లకు చెప్పరు, ఎవరో ఒకరికి మామూలు కుక్కపిల్లలా ఇచ్చేస్తారు. ఈసారి దాన్ని పిన్ని బుట్టలో పెట్టుకుని మా ఇంటికే తెచ్చేసింది. నేను దానికి జిరాక్స్ అని పేరు పెట్టాను. "అదేం పేరురా, నీ మొహం" అని తిట్టి, ఆవిడ చంటిది అని పిలిచేది. ఆ చంటిది నా చెప్పులు మూడు జతలు నమిలింది. కంపెనీలో మొదటిదానికి పిన్ని ఆరు వారాలు ఎడమ బూటు పాఠం చెప్పింది.

మా దగ్గర అప్పగించే గది అని ఒకటుంది. సోఫా, పూలకుండీ, గోడల మీద నవ్వుతున్న కుక్కల ఫొటోలు. బూట్లు రెండూ తెచ్చి, తిరిగి ఇచ్చేస్తున్నట్టుగా సోఫా పక్కన పెట్టింది నేనే. అలా పెట్టమని చెప్పింది పిన్ని. భార్యాభర్తలిద్దరూ సోఫాలో కూర్చున్నాక కుక్కపిల్ల లోపలికి వచ్చి, అటూ ఇటూ వాసన చూసి, తిన్నగా బూట్ల దగ్గరికి వెళ్లింది. ఎడమది కరుచుకుని ఈడ్చుకుంటూ వచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర బరువుకు తనే బోర్లాపడింది. ఆవిడ సోఫాలోంచి కిందికి జారిపోయింది.

"గుర్తుంది! దీనికి గుర్తుంది! చూశారా, ఎడమదే!" అని భర్త చెయ్యి పట్టుకుని ఊపేసింది.

ఆయన పక్కగది తలుపు సందులోంచి చూస్తున్న మా పిన్ని వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక పిన్ని "ఆ తల్లి మొహం చూశావట్రా!" అని పదిసార్లు అంది. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమే వేసింది. ఒక మనిషి అంతగా నవ్వుతుంటే తప్పులు వెతుక్కుంటూ కూర్చునేంత రాయిని కాను.

మూడు నెలల తర్వాత కళ్లద్దాల షాపావిడ గుండీకి టీకా వేయించాలని కంపెనీకి వచ్చింది. పిన్నిని వరండాలోకి పిలిచింది. నేను పక్కనే వ్యాను కడుగుతున్నాను. డ్రైవరు వింటున్నాడని ఎవరూ అనుకోరు కదా.

"ఆయమ్మా, మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పాప పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తం బ్యాంకులో దాచిపెట్టాం. పెద్ద జబ్బులొస్తే పనికొస్తుందని అప్పట్లో అందరూ దాస్తుంటే మేమూ దాచాం. తీరా జబ్బొచ్చినప్పుడు దేనికీ పనికిరాలేదు. కానీ అది ఇంకా ఉంది. ఐసులో అలాగే ఉంది."

"ఉంటే ఏంటమ్మా?"

"ఒకతను ఉన్నాడు. ఇక్కడ కాదులే, వేరే దేశంలో. మనుషులకు కూడా చేస్తాడట. చట్టం ఒప్పుకోదు కాబట్టి బయటికి చెప్పరు. నేనే మోస్తాను. నాకింకా నలభై ఒకటే."

పిన్ని చేతిలోని తువ్వాలు కింద పడింది. "అమ్మా... పుట్టేది మీ పాప కాదు కదమ్మా. ఇంకో పిల్ల."

"నేనూ అలాగే అనుకుని ఆగాను. గుండీని చూశాక నమ్మకం కుదిరింది. కుక్కకే అంత గుర్తుంటే నా బిడ్డకు ఉండదా? నన్ను చూసి అమ్మా అనదా?"

ఆవిడ మొహం వెలిగిపోతోంది. నా చేతిలో పైపు నీళ్లు నా బూట్లలోకి పోతున్నా నాకు తెలియలేదు. పిన్ని నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, "మంచినీళ్లు తాగుతారా అమ్మా?" అంది.

ఆ వారమంతా పిన్ని కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. చెప్పేయాలి అంటుంది, ఎలా చెప్పను అంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"చెబితే ఏమవుతుంది పిన్నీ? నీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. ఆవిడకు మిగిలిన ఆ ఒక్క సంతోషమూ పోతుంది. ఎవరికి లాభం?"

"పుట్టబోయేదానికిరా."

"ఇంకా పుట్టనేలేదు కదా."

"అందుకే ఇప్పుడే చెప్పాలంటున్నా. కళ్లు తెరిచీ తెరవగానే నీకు బూటు గుర్తుందా, బడి గుర్తుందా, నేను గుర్తున్నానా అని అడిగితే అదేం చెబుతుంది? గుర్తులేదంటే తల్లి ఏడుస్తుంది. ఉందంటే అబద్ధం. ఏ తప్పూ చేయని పిల్లకు పుట్టగానే అంత శిక్షేంట్రా?"

ఆ పెట్టె మోసుకొచ్చింది నేను, బూట్లు సోఫా పక్కన పెట్టింది నేను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చంటిదాన్ని కసిరాను.

మర్నాడు పిన్ని క్యాంటీన్‌లో ల్యాబు డాక్టరు ఎదురుగా వెళ్లి కూర్చుంది. ఏ ఆయా అలా కూర్చోదు. "డాక్టరుగారూ, కళ్లద్దాలవాళ్ల ఆర్డరులో ఈ రెండూ నిలబడే ముందు ఎన్ని పోయాయి?" అని అడిగింది. ఆయన టీ కప్పులోకి చూస్తూ, "కడుపులో నిలవనివి పదకొండు. పుట్టి పోయినవి నీకు తెలుసుగా" అన్నాడు. తెలుసు. మూడు పుట్టి పోయాయి. ఒకదానికి నాలుక నోట్లో పట్టనంత పెద్దగా ఉంది. పాలు పట్టడానికి పిన్ని రెండు రోజులు దూదితో తంటాలు పడింది. "మనుషులకు చేస్తే?" అని అడిగేసరికి ఆయన "ఆ మాట నా దగ్గర ఎత్తకు" అని, టీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఆదివారం పొద్దున పిన్ని చంటిదాన్ని బుట్టలో పెట్టుకుని వ్యాను ఎక్కింది. నేను తాళం చెవి కనబడటంలేదని కాసేపు నాటకమాడాను. నా జేబులోంచి తనే తీసి చేతిలో పెట్టింది.

షాపు మూసి ఉంది. పైన భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. ఆవిడ మమ్మల్ని నేరుగా పాప గదిలోకే తీసుకెళ్లింది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. కుర్చీకి స్కూలు బ్యాగు వేలాడుతోంది. టేబులు మీద పుస్తకాలు, పెన్సిళ్లు. గోడకు కొత్తగా సున్నం వేశారు. గుండీ పరుగున వచ్చి పిన్ని చేతులు నాకింది. ఆవిడ "కూర్చో ఆయమ్మా" అంది. పిన్ని కూర్చోలేదు.

"అమ్మా, మిమ్మల్ని నేను మోసం చేశాను" అని మొదలుపెట్టింది. వీడియోలు, మాంసం ముక్కలు, ఆరు వారాలు, అన్నీ చెప్పింది. ఎక్కడా నన్ను ఇరికించలేదు. "దానికేమీ గుర్తులేదమ్మా. నేను నేర్పిందే చేసింది. మీరు సంతోషపడతారని చేశాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

"అబద్ధం" అంది ఆవిడ మెల్లగా. "ఎవరో నీతో చెప్పిస్తున్నారు. మా ఆయనే చెప్పించారు."

పిన్ని బుట్ట మూత తీసింది. చంటిది బయటికి దూకింది. రెండు కుక్కలూ పక్కపక్కన నిలబడేసరికి ఆవిడ గొంతులోంచి వింత శబ్దం ఒకటి వచ్చింది. మచ్చ లేకపోతే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

"ఇదీ మీ గుండీయేనమ్మా. అదే రక్తం, అదే రోజు పుట్టింది. దీనికి మాత్రం నేనేమీ నేర్పలేదు. బూట్లు పెట్టి చూడండి."

బూట్లు పెట్టింది భర్త. చంటిది రెండింటినీ వాసన చూసింది. కుడిదాని లేసు పట్టి గుంజింది, విసుగొచ్చి వదిలేసింది. తర్వాత కాలెత్తి ఎడమ బూటు తడిపేసి, నా వైపు చూసి తోక ఊపింది. ఇంకెక్కడైనా అయితే పగలబడి నవ్వేవాణ్ని. అక్కడ నాకు ఏడుపొచ్చింది.

"ఇవి రెండూ బతకడానికి ముందు పదకొండు నిలవలేదమ్మా" అంది పిన్ని. "మూడు పుట్టి నా చేతుల్లో పోయాయి. కుక్కలు కాబట్టి ఎవరూ అడగలేదు. రేపు అలాంటి బిడ్డ మీ ఒళ్లో పడితే ఏం చేస్తారు తల్లీ?"

భర్త తడిసిన బూటు తీసి తన చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు. "నాకా రోజే అనుమానమొచ్చింది" అన్నాడు భార్య వైపు చూడకుండా. "నువ్వు నవ్వి అప్పటికి ఏడాది దాటిపోయింది. నోరు రాలేదు. ఇక వదిలేద్దాం. నా మాట విను."

ఆవిడ నేల మీద కూర్చుని రెండు కుక్కల్నీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. పోలీసులను పిలుస్తానన్నా బాగుండేది. ఆవిడ కళ్లు తుడుచుకుని, షాపులో కళ్లు పరీక్షించేటప్పుడు అడిగినంత మామూలుగా అడిగింది.

"ఎన్నాళ్లు పట్టిందన్నావు?"

"ఆరు వారాలమ్మా."

"రోజుకి ఎంతసేపు?"

"పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట." అడిగినదానికి జవాబు చెప్పడం అలవాటు కాబట్టి చెప్పేసింది పిన్ని. చెప్పాక, ఎందుకు అడుగుతోందో అర్థమై నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయితే నేర్పితే వస్తుందన్నమాట" అంది ఆవిడ. "కుక్కకు ఆరు వారాలు పట్టింది. నాకు తొమ్మిదేళ్లు టైముంటుంది. పాప ఏ పాటకు నిద్రపోయేదో, ఏ మాట ముందన్నదో, ఎక్కడ పడి దెబ్బ తగిలించుకుందో అన్నీ నాకు తెలుసు. నాకంటే బాగా ఎవరు నేర్పుతారు?"

పిన్ని ఆ పాడు మోకాళ్ల మీదే కూలబడి ఆవిడ చేతులు పట్టుకుంది. "వద్దు తల్లీ. ఆ పిల్లను ఆ పిల్లలా ఉండనివ్వండి. మీకు దండం పెడతాను."

భర్త లేచి, బూటు చేత్తో పట్టుకునే బయటికి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ పిన్ని చేతులు మెల్లగా విడిపించుకుంది. కూతురి టేబులు మీంచి రాయని నోటుపుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీలో తారీకు వేసింది.

"మొదటి రోజు ఏం చేశావో అక్కణ్నుంచి చెప్పు ఆయమ్మా" అంది.